గోదావరికి సంజాయిషీ నోటీసు

కోనసీమ లంకల్లో కాపురముండే వారికి ఒక దురలవాటు ఉంది: ఏరు ఎక్కడుందో తెలుసుకోవడానికి వారు పటం చూడరు, ఏటిగట్టెక్కి ఏటినే చూస్తారు. అంగుళానికి మైలు చొప్పున సర్వే ఆఫ్ ఇండియా వారు ముద్రించిన పాత పటాన్ని బల్లమీద పరుచుకుని చూస్తే ఈ అలవాటు ఎంత తప్పో అర్థమవుతుంది. అందులో గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు నీలిరంగు పూసుకుని, గీసిన చోటనే బుద్ధిగా పడుకుని ఉన్నాయి. బయట పారుతున్న గోదావరి మాత్రం ఏ అనుమతీ లేకుండా ఒక లంకను కోసుకుపోయి, ఆ మట్టిని మరో లంకకు మేట వేసి, ప్రభుత్వ ముద్రణను బాహాటంగా ధిక్కరిస్తోంది.

ఎత్తుపల్లాల సంగతిలో ఈ పటం సమదృష్టి ప్రశంసనీయం. ఈ తరహా పటాల్లో, ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే సమోన్నత రేఖకూ రేఖకూ మధ్య ఎత్తు తేడా సాధారణంగా 50 అడుగులు. అమలాపురం చుట్టుపక్కల నేలంతా మొదటి రేఖకే అందదు కనుక, అక్కడ మెరకా పల్లమూ అనే భేదమే లేదని పటం తేల్చేసింది. అడుగు మెరక కోసం అన్నదమ్ములు మాటలు మానేసుకోవడం, అరుగు మరో రెండు వరసలు లేపి ఇల్లు కట్టుకోవడం శాస్త్రజ్ఞానం కొరవడిన పనులే. 1986 ఆగస్టు వరదకూ ఆ జ్ఞానం లేకపోయింది. అది పల్లపు ఇళ్లను ముందు ముంచింది.

జనానికి పటం చూసే అలవాటు లేకపోవడంలో జనం తప్పు కొంతే. సముద్రతీరానికి సుమారు 80 కిలోమీటర్ల లోపలి పటాలను చాలాకాలం సామాన్యులకు అమ్మేవారు కారు. తన కొబ్బరితోట ఎక్కడుందో లంక రైతుకు తెలిసిపోతే దేశభద్రత ఏమైపోయేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది. 2005 నాటి జాతీయ పటాల విధానంతో పటాల అమ్మకం కొంత సడలింది. అప్పటికి పటంలోని తోటలు కొన్ని ఏటిలో ఉన్నాయి.

కావున, పటంలో చూపిన హద్దులకు పదిహేను రోజుల్లోగా తిరిగి రావలసిందిగా గోదావరికి నోటీసు రాశాం. అందజేయడానికి మనిషిని పటంలో రేవు గుర్తు ఉన్న చోటికే పంపాం. అక్కడ అరటితోట ఉంది. తోట రైతే సంతకం చేసి నోటీసు పుచ్చుకున్నాడు. గెలలు కొట్టేదాకా మాత్రం ఏటిని వెనక్కి పిలవొద్దని కోరాడు.