హోమర్ సింప్సన్ తొలి భాగాలు: కొవ్వాడ పొలిమేర నుంచి ఒక వినతి

‘ది సింప్సన్స్’ అనే అమెరికా కార్టూన్ హాస్య ధారావాహిక 1989 డిసెంబరు 17న మొదలై, 2018లో ‘గన్‌స్మోక్’ అనే పాత అమెరికా ధారావాహిక పేరిట ఉన్న 635 భాగాల రికార్డును దాటి, 750 భాగాలు పైబడినా ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని మొదటి నుంచి మళ్ళీ చూడవలసిన అగత్యం లోకంలో మరెవరికి ఉన్నా లేకున్నా శ్రీకాకుళం జిల్లావాసులకు మాత్రం ఉందని నా నిశ్చితాభిప్రాయం. కథానాయకుడు హోమర్ సింప్సన్ అణువిద్యుత్ కేంద్రంలో భద్రతాధికారి. మన రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున 6 రియాక్టర్లు వస్తాయని ఏళ్ళ తరబడి వింటున్నాము. రేపు అక్కడ భద్రత చూడబోయే పెద్దమనిషి ఏ తీరున ఉంటాడో ముందుగా తెలుసుకోవడానికి ఇంతకు మించిన పాఠ్యగ్రంథం మనకు లేదు.

ఏదైనా మొదట్లోనే బాగుండేదని నిట్టూర్చే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నేను ఆ కోవకు చెందను. మొదటి విడతలోని 13 భాగాలూ కంటికి అంత ఇంపైనవి కావు. మొట్టమొదట తయారైన భాగంలో బొమ్మలు ఎంత అధ్వానంగా వచ్చాయంటే, దాన్ని చాలావరకు మళ్ళీ గీయించి, చివరికి 1990 మేలో విడత ఆఖరున ప్రసారం చేశారు. అణుకేంద్రం యజమాని బర్న్స్ వెంట నీడలా తిరిగే స్మిథర్స్ మూడవ భాగంలో నల్లని ఒంటితో, నీలి జుట్టుతో దర్శనమిచ్చి, ఆ తర్వాత ఏ వివరణా లేకుండా అందరిలా పసుపుపచ్చగా మారిపోతాడు. (రంగులు వేయడంలో దొర్లిన పొరపాటని తయారీదారులు చెప్పుకున్నారు గాని, ఒంటి రంగు తేల్చుతామనే క్రీముల కంపెనీలు దీన్ని ఎందుకు వాడుకోలేదో నాకు అంతుపట్టదు.) తాగుబోతు బార్నీ జుట్టు కూడా ఒంటి రంగులోనే ఉండటం వల్ల నుదురు ఎక్కడ ముగిసిందో పోల్చుకోవడం కష్టం. హోమర్ గొంతు సైతం వేరు. అతనికి గొంతునిచ్చే డాన్ కాస్టెల్లనెటా తొలుత వాల్టర్ మాథౌ అనే నటుణ్ణి అనుకరించి, తరువాత మార్చుకున్నాడు.

అయినా ఆ హోమర్ మనవాడు. తొలి ప్రసారంలో అణుకేంద్రం యాజమాన్యం మైకులో ఒక శుభవార్త చెబుతుంది: భద్రతను పెంచాము, వినియోగదారుపై భారం వేయలేదు, అధికారుల జీతాల పెంపునూ ఆపలేదు, కాబట్టి కింది కార్మికులకు ఈసారి బోనస్ లేదు. జూట్ మిల్లుల గేట్లకు అంటించిన నోటీసులు చదివి పెరిగిన విజయనగరం జిల్లావాసికి ఈ తర్కంలో అనువాదం అవసరమైన ముక్క ఒక్కటీ లేదు. ఇంట్లో దాచిన డబ్బు కొడుకు బార్ట్ వేయించుకున్న పచ్చబొట్టు చెరిపించడానికి ఖర్చయిపోతుంది. హోమర్ బోనస్ రాని సంగతి భార్యకు చెప్పలేక, దుకాణంలో క్రిస్మస్ తాత వేషం కడతాడు. శిక్షణకూ, దుస్తులకూ, గడ్డం అద్దెకూ కోతలు పోగా చేతికి 13 డాలర్లు వస్తాయి. వాటిని కుక్కల పందెంలో ఒడ్డి పోగొట్టుకుంటాడు. నా పక్కన కూర్చుని చూస్తున్న రణస్థలం మిత్రుడు, “ఈడు మన మనిషే గదేటి!” అని తీర్పు చెప్పాడు. అప్పీలుకు అవకాశం లేని తీర్పు అది.

అయితే జిల్లా యంత్రాంగం తప్పక చూడవలసింది మూడవ భాగం. బడిపిల్లలు అణుకేంద్రాన్ని చూడవచ్చిన నాడు హోమర్ బండిని తీసుకెళ్ళి పైపుకు గుద్దించి ఉద్యోగం పోగొట్టుకుంటాడు. బతుకు మీద విరక్తి కలిగి వంతెన దాకా వెళ్ళి, అక్కడ తన కుటుంబాన్నే బండి గుద్దబోగా, రోడ్డు భద్రత కోసం ఉద్యమిస్తాడు. వీధుల్లో హెచ్చరిక బోర్డులు పెట్టించినంత కాలం ఎవరికీ అభ్యంతరం లేదు. ఉద్యమం అణుకేంద్రం గేటుకు చేరగానే బర్న్స్ అతణ్ణి లోపలికి పిలిపించి, జీతం పెంచి, భద్రతాధికారిని చేస్తాడు. హోమర్ బయట గుమిగూడిన జనానికి ఇకమీదట ఎవరి భద్రత వారే చూసుకోవాలని సెలవిచ్చి కొలువులో చేరిపోతాడు. లాఠీ లేదు, కేసు లేదు, 144 సెక్షన్ లేదు. ఒక్క నియామక పత్రంతో ఊరు చల్లబడింది. ప్రజాభిప్రాయ సేకరణ సభలకు షామియానాలు, పోలీసు బందోబస్తు ఏర్పాటు చేసి అలసిపోయే అధికారులకు ఇంత చవకైన ఉపాయం ఏ శిక్షణాలయంలో నేర్పుతారు?

తొలి రూపం మీద మమకారం చెల్లదని విజయనగరం మిత్రులు వాదిస్తారు. వారి ఊళ్ళోనే 1892లో రంగమెక్కిన ‘కన్యాశుల్కం’ను గురజాడ 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాస్తే, లోకం ఆ రెండవ కూర్పునే నెత్తిన పెట్టుకుంది. వాదన గట్టిదే. కాని గురజాడ తిరగరాస్తే గిరీశం ఎదిగాడు. హోమర్ ఊరైన స్ప్రింగ్‌ఫీల్డ్‌ను సృష్టించిన రచయితలు తిరగరాసిన కొద్దీ హోమర్‌కు ఉన్న కాస్త బుద్ధీ హారతి కర్పూరమైంది. తొలి హోమర్ తప్పు చేస్తే రాత్రి నిద్రపోడు. తరువాతి హోమర్ తప్పు చేస్తూనే నిద్రపోతాడు.

ఇన్నేళ్ళలో బార్ట్‌కు 10 ఏళ్ళు దాటలేదు. కొవ్వాడ కూడా అంతే. రియాక్టర్లు ఇవ్వవలసిన అమెరికా కంపెనీ మాత్రం మారి, జీఈ-హిటాచీ వెళ్ళి వెస్టింగ్‌హౌస్ వచ్చింది. భూములిచ్చిన మత్స్యకారుల పిల్లలకు మాత్రం బార్ట్‌లా వయసు ఆగిపోయే వెసులుబాటు లేదు. ఇంటికొక ఉద్యోగం వస్తుందని విన్ననాడు బడిలో ఉన్నవారికి ఇప్పుడు వయోపరిమితి సడలింపు కావలసి వస్తోంది.

కావున, కొవ్వాడలో భద్రతాధికారి నియామకానికి ప్రకటన ఏనాడు వెలువడినా మూడవ భాగాన్ని సిలబస్‌లో చేర్చాలని కోరుతూ, నా వంతుగా ఒక ప్రశ్న సమర్పిస్తున్నాను. బండితో పైపును గుద్దినందుకు తొలగించిన కార్మికుడు గేటు ముందు జనాన్ని కూడగట్టినచో యాజమాన్యం ఏమి చేయవలెను? (అ) పైపును బాగుచేయవలెను. (ఆ) జనంతో మాట్లాడవలెను. (ఇ) కేంద్రాన్ని మూసివేయవలెను. (ఈ) కార్మికుణ్ణి భద్రతాధికారిగా నియమించవలెను. ప్రాథమిక ‘కీ’పై అభ్యంతరాలు స్వీకరించబడవు.