ఫ్రిజ్ మీద కూర్చున్న మొదటి బహుమతి గారికి

మహారాజశ్రీ మిక్సీ గారి సముఖమునకు,

హనుమకొండ నుంచి చీరల అక్క నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీకేం, కుశలమే. థర్మోకోల్ మధ్యలో, మూడు జార్లతో, సీల్ కూడా విప్పకుండా మా ఫ్రిజ్ మీద హాయిగా ఉన్నారు. నాకే ఆదివారం మధ్యాహ్నమంతా ఫోన్లు చేసీ చేసీ చెవి కాలింది.

ఎంగిలిపూల బతుకమ్మకు పది రోజుల ముందు మా హాల్లో చీరల అమ్మకం పెట్టాను, వచ్చినవాళ్లకు లక్కీ డ్రా కూడా. సద్దులు కూడా అయిపోయినయి. నువ్వు ఇంకా పోలేదు. (ఇక మీరు అనడం నా వల్ల కాదు.)

అసలు నిన్ను తేవాలని నాకు లేదు. పోయినేడు కొత్తవాడలో నేసిన చిన్న దరీ పెట్టాను, పూజ దగ్గర కూర్చోవడానికి. గెలిచినామె దాన్ని అక్కడే పరిచి కూర్చుని చూసింది, పక్కామె ఇట్లాంటిదే నాకొకటి తెప్పియ్యి అక్కా అన్నది, అట్ల ఆరు ఆర్డర్లు వచ్చినయి. బహుమతి అంటే అది, గెలవనివాళ్లు కూడా కొనుక్కోవాలి. అంతకుముందు పెంబర్తి ఇత్తడి పళ్లెం పెట్టాను, తోమడానికి చింతపండు ఎవరిస్తరు అన్నారు. గోడ గడియారం సంగతి ఎత్తకపోవడమే మంచిది, ఈ ఊళ్లో పెళ్లయిన ప్రతి ఇంట్లో కనీసం నాలుగున్నాయి.

ఈసారి మా యారాలు మొదలుపెట్టింది. "దరీకి ఎవరొస్తరక్కా, మిక్సీ పెట్టు, జనం విరగబడుతరు." విరగబడ్డారు. చిట్టీలు 143. అమ్ముడైన చీరలు 19. మా బజారులో లేని ఆడవాళ్లంతా వచ్చారు. వచ్చినామె వచ్చినట్టే పోచంపల్లి చీరను రెండు వేళ్లతో ముట్టి "మంచిగున్నది" అని, చిట్టీ రాసి, మిర్చి బజ్జీ తిని పోయింది. ఒకామె అయితే చీరల వైపు తిరగనే లేదు, నీ దగ్గరికే వచ్చి ఎన్ని వాట్లు అని అడిగింది. చీరకు నాకు మిగిలేది 200. నీ ధర 2,600. అంటే మొదటి 13 చీరలు నీకోసం అమ్మాను, చివరి ఆరు నాకోసం, ఆ 1,200లో బజ్జీలకూ చాయ్‌కీ 900 పోయింది. నెల రోజుల తిరుగుడుకు నా సంపాదన 300 రూపాయలు, తల్లీ.

సరే, అది నా తెలివితక్కువ. కొన్నవాళ్లకే చిట్టీ అంటే ముఖం మాడ్చుకుంటరేమో అని నోరు మూసుకున్నాను. కానీ ఆ చిట్టీ ఉంది చూడు, దాన్ని మాత్రం నేను మర్చిపోలేకపోతున్నాను.

పక్కింటి పాప కళ్లు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టి తీసింది. విప్పితే పేరు దగ్గర "చింటు మమ్మీ" అని ఉంది. ఇంటిపేరు లేదు, కాలనీ లేదు. ఫోన్ నంబరు ఉంది, తొమ్మిది అంకెలు. లెక్కపెట్టాను, మళ్లీ లెక్కపెట్టాను, అద్దాలు పెట్టుకుని లెక్కపెట్టాను. తొమ్మిదే. ఇంకో చిట్టీ తియ్యమని కొందరు, అన్యాయం అని కొందరు, ఇదంతా ముందే ఫిక్స్ చేసిందని ఒకామె (బజ్జీలు ఎక్కువ తిన్నది ఆమెనే).

మా అబ్బాయి ఇంజనీరింగు. ఎగిరిపోయిన అంకె ఎక్కడిదైనా కావచ్చు, ఏదైనా కావచ్చు, అట్ల చూస్తే 91 నంబర్లు వస్తయి, మన దగ్గర సెల్ నంబరు సున్నా నుంచి ఐదు దాకా అంకెతో మొదలుకాదు కాబట్టి ఆరు తీసేస్తే 85 అన్నాడు. వాడు పరీక్షల్లో ఇంత లెక్క చేసి ఉంటే బాగుండేది. ఆదివారం కూర్చుని వరసగా కొట్టడం మొదలుపెట్టాను. "నమస్తే అమ్మా, మీకు లక్కీ డ్రాలో మిక్సీ వచ్చింది" అనగానే ఏమవుతుందో నీకేం తెలుసు? మొదటాయన ఫోన్ పెట్టేశాడు. రెండో ఆయన "ఇప్పుడు ఓటీపీ అడుగుతవు, గంతేనా?" అన్నాడు. నిజామాబాద్ నుంచి ఒక పెద్దమనిషి నన్ను పదినిమిషాలు మాటల్లో పెట్టి, చివరికి 1930కి ఫిర్యాదు చేస్తున్నానన్నాడు. సైబర్ నేరాల నంబరు! నేను, పొద్దున లేస్తే ముగ్గు వేసి చీరలు మడతపెట్టుకునే దాన్ని, సైబర్ దొంగనైపోయాను. ఒకామె మాత్రం ప్రేమగా మాట్లాడింది, "మాకు చింటు లేడమ్మా, బంటి ఉన్నడు, పర్వాలేదా?" అని.

వాళ్లను అనడానికి కూడా లేదు. ప్రైజ్ చిట్టీలను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చినా, నెలకింత కట్టు, పేరొస్తే బండి నీదే అంటూ లక్కీ స్కీములవాళ్లు ఊరూరా దండుకుని పోయారు, మిగిలిన కాస్త నమ్మకాన్ని ఫోన్ దొంగలు తుడిచిపెట్టారు. ఇప్పుడు నిజంగా ఇస్తానంటే తీసుకునేవాళ్లు లేరు. ఇంత మోసం నడిచే దేశంలో ఉత్త పుణ్యానికి మిక్సీ ఇవ్వాలనుకోవడం నాదే తప్పు, నాదే బుద్ధి తక్కువ, ఆ పదో అంకె రాయడానికి ఆ మహాతల్లికి ఏం రోగమొచ్చింది? బజ్జీ ఆరిపోతదనా?

నలభై నంబర్ల దగ్గర ఆపేశాను. కాళ్లు ఊకోక కాలనీలో కూడా అడిగాను. ముగ్గురు చింటులు దొరికారు. ఒకడి అమ్మ ఆ రోజు వేములవాడలో ఉంది. ఒకడికి 31 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మూడోది కుక్క.

నీ రెండేళ్ల వారంటీ నా బిల్లు తేదీ నుంచే నడుస్తోంది, అది కూడా చెప్తున్నా. అక్కడ కూర్చుని పెద్దదానివవుతున్నావు.

నిన్న మా పాత మిక్సీ జారు అడుగు నుంచి కారడం మొదలుపెట్టింది. సగం నలిగిన పల్లీల పచ్చడి గట్టంతా పారింది. మా అబ్బాయి స్టూలు వేసుకుని నీ డబ్బా దించబోయాడు.

"ముట్టకురా, అది చింటు వాళ్లది" అన్నాను.

ఇట్లు,
చీరల అక్క