మెయిన్‌ఫ్రేముకు సిఫార్సు తెలియదు

దాళ్వాకు వంతులవారీ నీళ్లు మొదలయ్యాయంటే కోనసీమలో అందరి కళ్లూ తూము షట్టరు మీదే. దాన్ని రైతు ఎత్తకూడదు, కాలువ చూసుకునే లస్కరే ఎత్తాలి. సూత్రం మంచిదే. కాటన్ దొర హయాంలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మనం దానికి పెట్టిన మెరుగులు అన్నీ ఇన్నీ కావు: శివారు రైతు అర్జీ పెట్టుకుంటాడు, ఎగువ రైతు ఫోను చేయిస్తాడు, నీళ్లు ఫోనును బట్టి పారతాయి.

ఇదే సూత్రాన్ని 1964లో ప్రకటించిన సిస్టమ్/360 అనే మెయిన్‌ఫ్రేము కంప్యూటర్లలో ఐబీఎం వారు ఎంత భ్రష్టు పట్టించారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అక్కడ మామూలు ప్రోగ్రామ్ డిస్కునుగానీ టేపునుగానీ నేరుగా తాకరాదు. వాటిని కదిలించే ‘స్టార్ట్ ఐ/ఓ’ ఆదేశం సూపర్‌వైజర్ స్థితిలోనే, అంటే యంత్రాన్ని నడిపే అధికారి ప్రోగ్రాముకే చెల్లుతుంది. తెగించి తానే ఇస్తే ‘ఎస్0సీ2’ అని రాసి ప్రోగ్రామును అక్కడికక్కడే ముగిస్తారు. మనవాడే, వదిలేయండి అనే పెద్దమనిషే లేడు.

కనుక ఎస్‌వీసీ (సూపర్‌వైజర్ కాల్) అనే అర్జీ పెట్టుకోవాలి. అదీ రెండే బైట్లు: ఒకటి ఆదేశం, రెండోది 0 నుంచి 255 లోపు ఒక నంబరు. డిస్కు పనికి సున్నా. ఇదేమి అర్జీ? తండ్రి పేరు లేదు, స్టాంపు లేదు, ‘తమ విధేయుడు’ లేదు. కోబాల్ రాసేవాడు ‘రీడ్’ అని ఊరుకుంటే చదవడం, రాయడం చూసుకునే సిస్టమ్ ప్రోగ్రామ్ ‘యాక్సెస్ మెథడే’ దీన్ని రాసిపెడుతుంది, రాతకూలి కూడా అడగదు.

అర్జీ అందగానే ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో చెప్పే పీఎస్‌డబ్ల్యూను (ప్రోగ్రామ్ స్టేటస్ వర్డ్) మెమరీలో 32వ చిరునామాలో దాచి, 96వ చిరునామాలోని కొత్తదాన్ని ఎక్కిస్తారు. తనకు నచ్చిన అధికారి దగ్గరికి వెళ్లే వీలు అర్జీదారుకు లేదు. ఎక్కడికి వెళ్లాలో ఆ కొత్తదే చెబుతుంది. ఇద్దరి హోదాలో తేడా పీఎస్‌డబ్ల్యూలోని 15వ బిట్ ఒక్కటే. అర్జీదారుకు అందులో ఒకటి, అధికారికి సున్నా! ఈ అవమానాన్ని ఇంతవరకు ఏ ఉద్యోగ సంఘమూ ఖండించకపోవడం విచారకరం.

ఇక అసలు ఘోరం. పనిని డిస్కు, టేపులను నడిపే చానెల్‌కు అప్పగించాక సూపర్‌వైజర్ పాత పీఎస్‌డబ్ల్యూను తిరిగి ఎక్కించి తప్పుకుంటుంది. సన్మానం లేదు, పొడిగింపు లేదు, మాజీ అన్న హోదా కూడా లేదు.

తర్వాత వచ్చిన ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్‌లో 200 నుంచి 255 వరకు ఎస్‌వీసీ నంబర్లను ఆయా సంస్థల సొంత అవసరాలకు వదిలారు. అందులో ఒకదాన్ని శాసనసభ్యుల సిఫార్సు లేఖకు కేటాయించాలని మా డిమాండు. ఏ నంబరైనా పరవాలేదు. విచారణ మాత్రం సున్నా కంటే ముందు దానిదే జరగాలి.