ఇంజన్ లేని పడవెక్కానని నా మీద జాలిపడిన పెద్దమనిషికి

నిన్న రాత్రి ఒక పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంటకం పట్టుకెళ్ళే విందుకి, వెళ్ళొచ్చాను. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, పొద్దున్నే ఆఫీసుందని తెలిసీ పడుకోకుండా ఇది రాస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. పోయిన వారం బోస్టన్ నుంచి మూడున్నర గంటలు కారులో మెయిన్ రాష్ట్రం వెళ్ళి, అక్కడ నాలుగు రోజులు తెరచాప పడవలో తిరిగొచ్చాం అన్నాను. స్కూనర్ అంటారు, రెండు మూడు కొయ్యలు, వాటికి ఇంతింత తెరచాపలు. పులిహోర వడ్డించుకుంటున్న ఒకాయన గరిటె ఆపి "ఇంజన్ కూడా లేదా?" అన్నాడు. లేదండీ అన్నాను. ఏసీ? లేదు. రూముకో బాత్‌రూమ్? అదీ లేదు. "మనిషికి వెయ్యి డాలర్లు పైన పెట్టా? మిమ్మల్ని నిలువునా ముంచారమ్మా, ఆ డబ్బుతో కరీబియన్ క్రూజ్ వచ్చేది, ఇరవై నాలుగ్గంటలూ బఫే!" అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆయన సంగతి కారులో చూసుకున్నాను.

అక్కడితో ఆపితే నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆ కెప్టెన్ తన అమ్మానాన్నల దగ్గర్నుంచి పడవ తీసుకున్నాడు, ఇప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అదే పని మీద బతుకుతున్నారు అని చెప్పానో లేదో, "పాపం, కుర్రాడికి చదువు అబ్బలేదేమో" అన్నాడు.

అదండీ. ఆ ఒక్క మాట.

చదువు అబ్బకపోవడమా? కోస్ట్‌గార్డ్ లైసెన్సు లేకుండా ఆ పడవలో ప్రయాణికుల్ని ఎక్కించుకోనివ్వరు. ఆ తీరంలోని పెనాబ్‌స్కాట్ బే అనే అఖాతంలో ఎటు చూసినా దీవులు, నీళ్ళ కింద రాళ్ళు, పోటుకీ పాటుకీ పది అడుగుల తేడా, ఉన్నట్టుండి కమ్మేసే పొగమంచు. అందులో ఇంజన్ లేని పడవని గాలి చూసుకుని, నీళ్ళు చూసుకుని, చీకటిపడే వేళకి ఏదో ఒక దీవి చాటున లంగరేస్తాడు. ఏ దీవి అనేది పొద్దున అడిగితే ఆయనకే తెలియదు, ఆకాశం వైపు చూస్తాడు. మన పెద్దమనిషికి షాపు పార్కింగ్‌లో కారు వెనక్కి తీయాలంటే కెమెరా కావాలి, నేను చూశాను.

అసలీ వ్యాపారం ఎలా పుట్టిందో వింటే చదువెవరికి అబ్బలేదో తెలుస్తుంది. ఆ తీరమంతా ఒకప్పుడు ఇవే లారీలు. గ్రానైట్ రాళ్ళు, కలప, ఇటుకలు, రాక్‌లాండ్ సున్నం, అన్నీ స్కూనర్ల మీదే వెళ్ళేవి. రోడ్లు పడ్డాయి, లారీలొచ్చాయి, వీటికి సరుకు రావడం మానేసింది. రేవుల్లో పడి కుళ్ళిపోతున్నాయి. 1936లో కామ్‌డెన్ ఊళ్ళో ఫ్రాంక్ స్విఫ్ట్ అనే ఆయన మేబెల్ అనే స్కూనర్ ఒకటి అద్దెకి తీసుకుని, సరుకు రాకపోతే మనుషుల్ని ఎక్కిద్దాం అనుకున్నాడు. సంవత్సరం చూడండి, దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉంటే ఈయన సెలవుల వ్యాపారం పెట్టాడు! మొదటి ట్రిప్పుకి బోస్టన్ నుంచి ముగ్గురే ఆడవాళ్ళు వచ్చారు, రెండో ట్రిప్పు ఖాళీగానే వెళ్ళిందని ఆయనే చెప్పుకున్నాడట. మన పాట్‌లక్ పెద్దమనిషి ఆ రేవులో ఉండుంటే ఏమనేవాడో నాకు తెలుసు. స్విఫ్ట్ మాత్రం ఆపలేదు, ఒక్కో పాత పడవా కొంటూ పోయాడు. 1882 నాటి గ్రేస్ బెయిలీ, 1916 నాటి మర్కంటైల్ రెండూ ఆయన చేతికిందకి వచ్చినవే. ఆ రెండూ ఇవాళ జాతీయ చారిత్రక చిహ్నాలు. స్టీఫెన్ టేబర్, లూయిస్ ఆర్. ఫ్రెంచ్ అని ఇంకో రెండున్నాయి, రెండూ 1871లో నీళ్ళలోకి దిగినవి. గురజాడ అప్పటికి పదేళ్ళు కూడా నిండని పిల్లాడు!

హావిలా హాకిన్స్ అనే కెప్టెన్ కథ నాకింకా ఇష్టం. పాత పడవలకి మాట్లు వేసి వేసి విసుగొచ్చి, 1962లో ప్రయాణికుల కోసమనే కొత్త స్కూనర్ కట్టించాడు. మనుషులు చంద్రుడి మీదకి వెళ్ళడానికి లెక్కలు వేస్తున్న రోజుల్లో కొత్తగా కట్టిన పడవకి కూడా ఇంజన్ పెట్టలేదు, దానికి భార్య పేరు పెట్టాడు, మేరీ డే. మా ఆయన వైఫై పాస్‌వర్డ్‌కి కూడా నా పేరు పెట్టలేదు, సరే, అది వేరే గొడవ.

ఇంజన్ లేకపోతే గాలి ఆగిన రోజు ఏం చేస్తారని అడుగుతారేమో. చిన్న మోటారు పడవ ఒకటి వెంట ఉంటుంది. దాని ముక్కు స్కూనర్ వెనక ఆనించి నెడతారు, బురదలో దిగబడ్డ ఎడ్లబండిని నలుగురు వెనక నుంచి నెట్టినట్టు. వంటేమో కట్టెల పొయ్యి మీద. తెల్లారకముందే నాలుగింటికి లేచి రాజేస్తుంది వంటావిడ, మనం లేచేసరికి వేడి వేడి రొట్టె వాసన పడవంతా. తెరచాప ఎత్తేటప్పుడు ఎక్కిన వాళ్ళందరం రెండు తాళ్ళ దగ్గర బారులు తీరి లాగాం. బలవంతమేం లేదు, కానీ లాగకుండా కూర్చోబుద్ధి కాదు. నా అరచేతుల్లో బొబ్బలు చూపిస్తే "డబ్బిచ్చి మరీ కూలి చేశారన్నమాట" అన్నాడు అదే పెద్దమనిషి. ఈయన వారానికి మూడ్రోజులు జిమ్‌కి నెలనెలా ఫీజు కట్టి బరువులెత్తుతాడు, మరి దాన్నేమంటారో.

కష్టాలు లేవని నేననను. ఆ కుటుంబాలకి సంపాదించుకునేది మే చివర్నుంచి అక్టోబర్ మధ్యదాకా, అంతే. మిగతా నెలలు పడవ మీద కప్పు వేసి చెక్కలు మార్చుకోవడం, గీరుకోవడం, రంగులేసుకోవడం. 2020లో కోవిడ్‌తో సీజనంతా పోయింది చాలామందికి. 2023 అక్టోబర్‌లో గ్రేస్ బెయిలీ కొయ్య విరిగి డెక్కు మీద పడి ఒక ప్రయాణికురాలు చనిపోయింది. ఆ సంగతి తెలిసి అడిగుంటే నేను తడుముకునేదాన్ని, నిజంగా. కానీ ఆయన బెంగంతా బఫే మీదే.

డబ్బున్నోళ్ళ చేతిలో పెడితే ఏమవుతుందో కూడా చూశాం. విక్టరీ చైమ్స్ అని మూడు కొయ్యల పడవ, 1900లో డెలావేర్‌లో కట్టారు. మెయిన్ రాష్ట్రం 2003 క్వార్టర్ మీద కనిపించే ఓడ అచ్చం అదే అంటారు. క్వార్టర్ అంటే పాతిక సెంట్ల నాణెం, మీ బుర్రలు ఎటు వెళ్తాయో తెలుసు. అంతటి పడవని 1980ల చివర్లో డామినోస్ పిజ్జా ఓనరు కొని పేరు మార్చాడు. ఏమని? డామినో ఎఫెక్ట్. వందేళ్ళకి దగ్గరపడ్డ ముసలమ్మకి పిజ్జా డబ్బా పేరు! మళ్ళీ పడవ మనుషులే దాన్ని వెనక్కి తెచ్చి పాత పేరు పెట్టుకున్నారు. చివరికి మరమ్మతుల ఖర్చు మోయలేక వదిలేసుకున్నారు, 2023లో వేలానికి వస్తే న్యూయార్క్ రెస్టారెంట్ వాళ్ళు కొనుక్కున్నారు.

నాకింత మంట ఎందుకో కారులో మా ఆయన అడిగాడు. నిజం చెప్పాలంటే ఆ పులిహోర ఆయన మీద కాదు. "పాపం, చదువు అబ్బలేదేమో" అనే మాట నేను ఇదివరకే విన్నాను, మా ఇంట్లోనే.

మా తాతయ్యకి రెండు రాదారి పడవలుండేవి. ఈ తరం పిల్లలకి ఆ మాట కూడా తెలీదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలవలు పారింది పొలాలకి నీళ్ళు పెట్టడానికొక్కటే కాదు, డెల్టాలో మనుషులూ ధాన్యమూ కదిలిందంతా వాటి మీదే. సాయంత్రం ఎక్కి, లాంతరు కింద కబుర్లాడుకుంటూ, పడుకుని లేచేసరికి కాకినాడ. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. తాతయ్యకి ఇంజన్ లేదు, ఏసీ లేదు, బఫే అంటే నానమ్మ కట్టిచ్చిన పెరుగన్నం. బస్సులొచ్చాయి, ఎక్కేవాళ్ళు తగ్గారు, అక్కడ లారీలొచ్చినట్టే. తేడా ఒక్కటే, మాకో స్విఫ్ట్ పుట్టలేదు, బాబాయి పుట్టాడు.

నాన్న ఒక పడవైనా ఉంచుదాం, తీర్థాలకీ పెళ్ళిళ్ళకీ అద్దెకిద్దాం అన్నాడట. బాబాయి ఒప్పుకోలేదు. "పడవలోళ్ళం అని చెప్పుకుంటే నాకు సంబంధాలొస్తాయా? చదువు అబ్బనోళ్ళు చేసే పని" అన్నాడు. నాన్న ఊళ్ళో లేని రోజు చూసి రెండు పడవల్నీ కట్టెల అడితికి తూకానికి అమ్మేశాడు. తూకానికి! ముప్పయ్యేళ్ళు నీళ్ళలో ఉన్న టేకు. నాన్న ఆ తర్వాత బాబాయి ఇంట్లో భోజనం చేయడం నేను చూడలేదు.

మరి బాబాయి పోయిన సంక్రాంతికి ఎక్కడికెళ్ళాడో తెలుసా? కేరళలో అలెప్పీ. హౌస్‌బోట్. అలాంటి పడవలు ఒకప్పుడు బియ్యం మోసినవే, వాళ్ళు తూకానికి అమ్ముకోకుండా మంచాలేసి అద్దెకిచ్చారు. ఒక రాత్రికి 14000 కట్టి, ముందు భాగంలో కుర్చీ వేసుకుని, కొబ్బరిబొండం పట్టుకుని ఫొటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కింద "తాతల నాటి రోజులు గుర్తొచ్చాయి" అని రాశాడు, రెండు చేతులు జోడించిన బొమ్మతో. పదహారు మంది సూపర్ అన్నయ్యా, సూపర్ మావయ్యా అని పెట్టారు. నేను ఏమీ పెట్టలేదు, అప్పుడు.

ఇవాళ పెట్టాను. మా పడవల్లో మిగిలింది తెరచాప లాగే కప్పీ ఒక్కటే, బాబాయి ఇంట్లో నూతి మీద చేద తాడుకి ఉండేది, మోటారు పెట్టాక పెరట్లో మూలన పడేశారు. ఆ కప్పీ నాకు కావాలి బాబాయ్, కొరియర్ ఖర్చు నాదే అని రాశాను. రాత్రి 11:40కి పంపితే అక్కడ పొద్దుటే. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. అయిదు నిమిషాల తర్వాత గుడ్ మార్నింగ్ అని గులాబీ పువ్వు పెట్టాడు.