ఒకే చోట ఓడటమంటే మాటలా?

గోల్ఫ్‌లో గెలవడానికి మహానుభావుడే అయి ఉండనక్కర్లేదు. 1976లో కెనడియన్ ఓపెన్ గెలిచిన జెర్రీ పేట్‌కి పీజీఏ టూర్‌లో (అమెరికా వృత్తి గోల్ఫర్ల పోటీల వరుస) అదే మొదటి సీజన్. కొత్తగా వచ్చిన కుర్రాడికీ చేతనైన పని అన్నమాట. అదే పోటీలో 1965 నుంచి 1985 దాకా ఏడుసార్లు రెండో స్థానంలో ఆగిపోవాలంటే మాత్రం జాక్ నిక్లాస్ అయి ఉండాలి. ఆయన ఖాతాలో 18 మేజర్లున్నాయి (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద నాలుగు పోటీలు), మొత్తం 73 టూర్ విజయాలున్నాయి, కెనడియన్ ఓపెన్ లేదు. జనం ఎంతసేపూ ఆ 18నే జపిస్తారు. ఈ ఏడుని పట్టించుకునే నాథుడు లేడు.

రెండో స్థానం ఎంత ఇరుకో ఒకసారి ఆలోచించండి. నాలుగు రోజులు, 72 హోల్స్, ఇంచుమించు 280 దెబ్బలు, అందరికంటే తక్కువ కొట్టినవాడిదే గెలుపు. ఒక పట్ (గుంతలోకి దొర్లించే చిన్న దెబ్బ) పొరపాటున పడిందా, గెలిచి ఊరుకుంటారు. రెండు తప్పాయా, ఐదో స్థానానికి జారిపోతారు, అక్కడ సంతలా జనం. 1975లో రాయల్ మాంట్రియల్‌లో టామ్ వైస్కాఫ్‌తో స్కోరు సమమై ప్లేఆఫ్ దాకా వెళ్లింది. గెలుపు అంత మీదికొచ్చినా నిక్లాస్ నిగ్రహం కోల్పోలేదు, ఓడిపోయాడు.

అంతటితో తృప్తి పడలేదు. ఒంటారియోలోని ఓక్‌విల్‌లో గ్లెన్ ఆబీ అనే కోర్సుకి తనే నమూనా గీశాడు, 1977లో కెనడియన్ ఓపెన్ అక్కడికే వచ్చింది. ఏ బంకర్ (ఇసుక గొయ్యి) ఎందుకుందో, చివరి గ్రీన్‌ని (గుంత ఉండే నున్నటి పచ్చిక) చెరువు ఎటువైపు నుంచి కాస్తోందో ఆయనకి తెలియనిది లేదు. అయినా అక్కడ 1981లో, 1984లో, 1985లో రెండో స్థానమే. ప్రశ్నపత్రం తయారుచేసిన మాస్టారే పరీక్షకి కూర్చుని మూడుసార్లు తప్పడం మన ఇంటర్ బోర్డు చరిత్రలో కూడా ఉండి ఉండదు. 2000లో టైగర్ వుడ్స్ అదే కోర్సు చివరి హోల్‌లో, ఫెయిర్‌వే (గుంత దాకా సాగే పొట్టిగడ్డి దారి) బంకర్‌లోంచి, చెరువు మీదుగా, 218 గజాల దూరానికి 6 ఐరన్ అనే క్లబ్బుతో కొట్టి కప్పు పట్టుకుపోయాడు. అందరూ ఆ దెబ్బనే చెప్పుకుంటారు. చెరువు పెట్టినవాడి ఊసే లేదు.

అలాగని టైగర్‌కి ఈ విద్య రాదనుకోకండి. 82 విజయాలు. బే హిల్ కోర్సులో ఎనిమిది, ఫైర్‌స్టోన్‌లో ఎనిమిది. లాస్ ఏంజెలస్ పక్కన రివియేరాలో మాత్రం సున్నా. పదహారేళ్లప్పుడు, 1992లో, టూర్ మెట్టు మొదట ఎక్కింది అక్కడే. ఆ తర్వాత అక్కడి పోటీకి ఆతిథ్యం ఇచ్చేదీ ఆయనే. ఊరందరికీ కప్పు అందించే చేతికి అదొక్కటే దక్కలేదు. కారణం సగం గడ్డిలో ఉంది. అక్కడిది కికుయు గడ్డి. ఫెయిర్‌వేలో బంతిని బుద్ధిగా పైకెత్తి పట్టుకుంటుంది. గ్రీన్ పక్కకొచ్చి చిన్న దెబ్బ వేస్తే క్లబ్బు అంచుని పట్టి లాగేస్తుంది. నేలమీద దొర్లించి పంపుదామా అంటే బంతి మొదటి గంతులోనే చచ్చుబడిపోతుంది. గ్రీన్ల మీద ఉన్నది పోవా గడ్డి, మధ్యాహ్నానికి ఎగుడుదిగుడుగా లేచి మూడడుగుల పట్‌ని కూడా పక్కకి తోస్తుంది. ఆరో హోల్‌లో అయితే బంకర్ గ్రీన్ నడిబొడ్డునే ఉంది. 1999లో ఎర్నీ ఎల్స్‌కి రెండు దెబ్బలు వెనక ఆగాడు. అంతకుముందు ఏడాది పోటీని వాలెన్సియా అనే వేరే ఊరికి మార్చారు. గడ్డి మీద నెపం వేసే వీలు లేదు కదా, అక్కడ ప్లేఆఫ్‌లో బిల్లీ మేఫెయిర్ చేతిలో ఓడాడు. పీజీఏ టూర్ ప్లేఆఫ్‌ల్లో ఆయన ఓడింది ఆ ఒక్కటే.

అయితే ఈ శాస్త్రానికి పీఠాధిపతి శామ్ స్నీడ్. ఆయనవీ 82 విజయాలే. యూఎస్ ఓపెన్ ఒక్కటే లేదు, అందులో నాలుగుసార్లు రెండో స్థానం. అసలు పాఠం రెండో స్థానం కూడా రాని 1939లో ఉంది. ఫిలడెల్ఫియా, చివరి హోల్, పార్ 5, అంటే ఐదు దెబ్బల్లో ముగించాల్సినది. ఐదు కొడితే గెలుపు, ఆరు కొడితే ప్లేఆఫ్. కోర్సులో స్కోర్‌బోర్డులు లేవు. బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ) కావాలేమోనని ఆయనకి ఆయనే అనుకున్నాడు. డ్రైవ్, అంటే మొదటి దెబ్బ, రఫ్‌లో, పొడవు గడ్డిలో పడింది. అక్కణ్నుంచి బుద్ధిమంతుడెవడైనా ఐరన్ తీసి ముందుకి తోస్తాడు. స్నీడ్ బ్రాసీ తీశాడు, అంటే ఇప్పటి లెక్కన రెండో నంబరు ఉడ్. బంతి లేవలేదు, గ్రీన్‌కి వంద గజాలకి పైగా ఇవతల బంకర్‌లో దూరింది. మూడో దెబ్బకి బంకర్ గోడలో గడ్డి పెళ్లల మధ్య ఇరుక్కుంది. నాలుగోది ఇంకో బంకర్‌లోకి. ఐదోది గ్రీన్ మీదికి. మూడు పట్లు. మొత్తం ఎనిమిది. ఇందులో ఏ ఒక్క దెబ్బ సరిగ్గా పడినా పరువు పోయి గెలిచేవాడే.

1947, సెయింట్ లూయిస్, మళ్లీ యూఎస్ ఓపెన్. లూ వర్షామ్‌తో 18 హోల్స్ ప్లేఆఫ్, చివరి గ్రీన్ మీద ఇద్దరూ సమానం. ఇద్దరి బంతులూ గుంతకి ముప్ఫై అంగుళాల దగ్గర్లో. స్నీడ్ వంగి, పటర్ నేలకి ఆనించి కొట్టబోతుంటే వర్షామ్ ఆపి, ఎవరిది దూరమో తేల్చమన్నాడు. అధికారి టేపు తెచ్చాడు. స్నీడ్‌ది ముప్ఫైన్నర, వర్షామ్‌ది ఇరవై తొమ్మిదిన్నర. సరే, ముందు కొట్టాల్సింది స్నీడే. మళ్లీ వంగాడు, కొట్టాడు, తప్పింది. వర్షామ్‌ది పడింది. టేపుతో కొలిచి మరీ నమోదైన ఓటమి గోల్ఫ్‌లో ఇంకోటుంటే చెప్పండి.

ఆధునికుల్లో ఫిల్ మికెల్సన్‌కి స్నీడ్‌ని దాటిన ఘనత దక్కింది: యూఎస్ ఓపెన్‌లో ఆరుసార్లు రెండో స్థానం. 2006 వింగ్డ్ ఫుట్‌లో చివరి హోల్‌కి పార్ వస్తే గెలుపు. ఆ రోజు 14 ఫెయిర్‌వేల్లో ఆయన బంతి పట్టుకున్నవి రెండే. కాబట్టి మళ్లీ డ్రైవరే (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) తీశాడు. ఎడమచేతి వాటం కదా, స్లైస్ (పక్కకి వంగిపోయే దెబ్బ) ఎడమకే పోతుంది. అతిథుల గుడారాల పైకప్పుకి తగిలింది. రెండో దెబ్బ చెట్టుకి తగిలింది, మూడోది బంకర్‌లో కూరుకుపోయింది, చివరికి ఆరు. కాసేపటి ముందు అదే హోల్‌లో కాలిన్ మాంట్‌గొమరీ ఫెయిర్‌వే నడిమధ్య నుంచి, 6 ఐరన్ పట్టుకుని, మనసు మార్చుకుని 7 ఐరన్ తీసి ఆరు చేశాడు. యూరోపియన్ టూర్‌లో 31 విజయాలున్న మాంటీకి పీజీఏ టూర్‌లో ఒక్కటీ లేదు, దాన్నీ పదిలంగా కాపాడుకున్నాడు. జెఫ్ ఆగిల్వీ అనే ఆస్ట్రేలియన్ ఊరికే నిలబడి కప్పు అందుకున్నాడు.

ఆర్నాల్డ్ పామర్‌కి పీజీఏ చాంపియన్‌షిప్ లేదు. 1964లో నాలుగు రౌండ్లూ 70లోపే ఆడి మూడు దెబ్బల తేడాతో ఓడాడు. 1997 యూఎస్ విమెన్స్ ఓపెన్‌లో నాన్సీ లోపెజ్ కూడా నాలుగూ 70లోపే ఆడింది, ఒక్క దెబ్బతో పోయింది. టామ్ వాట్సన్ 1978 పీజీఏ చాంపియన్‌షిప్‌లో, ఓక్‌మాంట్‌లో, ఐదు దెబ్బల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి జాన్ మహాఫీకి ధారపోశాడు. లీ ట్రెవినోది వేరే సంప్రదాయం: మాస్టర్స్ జరిగే అగస్టా కోర్సు తన ఫేడ్‌కి (కొద్దిగా కుడికి వంగే దెబ్బ) నప్పదని కొన్నేళ్లు ఆ పోటీకి వెళ్లడమే మానేశాడు. ఆడకుండా ఓడటం నా దృష్టిలో కాపీ కొట్టడం కిందే లెక్క.

మన కళ్లముందు ఈ విద్యని పాడుచేసినవాడు రోరీ మెకెల్రాయ్. 2011 మాస్టర్స్‌లో నాలుగు దెబ్బల ఆధిక్యం పెట్టుకుని చివరి రోజు 80 కొట్టి ఎంతో ఆశ చూపించాడు. మిగతా మూడు మేజర్లూ 2014కే గెలిచి, ఇదొక్కటి పదేళ్లు అట్టేపెట్టాడు. 2025లో కూడా శాస్త్రం తప్పలేదు. మొదటి హోల్‌లో డబుల్ బోగీ, అంటే పార్ కంటే రెండు ఎక్కువ. పదమూడులో చేతిలో వెడ్జ్ (దగ్గరి దెబ్బల క్లబ్బు) ఉండి కూడా బంతిని వాగులో వేశాడు. పద్దెనిమిదిలో ఐదడుగుల పట్ తప్పి ప్లేఆఫ్ తెచ్చుకున్నాడు. అన్నీ సక్రమంగా జరిగాయి. ప్లేఆఫ్‌లో జస్టిన్ రోజ్ తన బర్డీ పట్ తప్పించాక, నాలుగడుగుల పట్ ముందు నిలబడి, ఏమనుకున్నాడో ఏమో, వేసేశాడు.