కత్తెరకు ఓటేస్తే కండువా వచ్చింది

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికల్లో కత్తెర గుర్తు మీద గెలిచిన మా ఊరి సర్పంచ్ గారి ఫొటో పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పడింది. మెడలో అధికార పార్టీ కండువా, పక్కన ఎమ్మెల్యే, వెనకాల పళ్లికిలిస్తూ బ్యాచ్. పంచాయతీ ఎన్నికలకు పార్టీలు లేవు కదా, బ్యాలెట్ మీద పార్టీ గుర్తే ఉండదు కదా, మరి ఇదేంటని అడిగాను. "గవర్నమెంటోళ్లతోని ఉంటేనే పైసలొస్తయ్ అన్నా" అని ఓ తమ్ముడి జ్ఞానబోధ. దానికి కింద దండాల ఎమోజీలు!

ఆ పైసలు ఎవరివట? కేంద్రం పంచాయతీలకిచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు ఎమ్మెల్యే గారు పొలం అమ్మి ఇస్తున్నారా?

అయినా సర్పంచ్‌ని అని ఏం లాభం, పెద్దోళ్లను చూసే కదా నేర్చుకున్నది. 2018లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 19 మంది ఎమ్మెల్యేలు. పదవి పోకుండా గుంపుగా వేరే పార్టీలో కలవాలంటే మూడింట రెండు వంతులు, అంటే 13 మంది కావాలి. 2019 జూన్‌లో ఒకాయన ఎంపీగా గెలిచి రాజీనామా చేశారు, లెక్క 18కి దిగింది. 18లో మూడింట రెండు వంతులెంత? పన్నెండు. మర్నాడే సరిగ్గా పన్నెండు మంది స్పీకర్ దగ్గర! టీఆర్ఎస్‌లో విలీనం అయిపోయింది. ఈ లెక్కల మాస్టారెవరో మా ఊరి బడికి వస్తే బాగుండు. ఒక్కడు దూకితే ఫిరాయింపట, గుంపుగా దూకితే విలీనమట. ఆ టీఆర్ఎస్ (తర్వాత బీఆర్ఎస్) వాళ్లే తర్వాత తమ పది మంది కాంగ్రెస్‌లోకి దూకారని సుప్రీంకోర్టు దాకా పోయి రాజ్యాంగం, విలువలు అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆంధ్రాలో మాత్రం తక్కువా? 2014 తర్వాత వైసీపీ నుంచి 23 మంది టీడీపీలోకి పోయారు, 2017లో అందులో నలుగురికి మంత్రి పదవులు కూడా. పదవీకాలం అయిపోయింది గానీ స్పీకర్ గారికి వాళ్ల అనర్హత మీద తీర్పు చెప్పే తీరిక దొరకలేదు.

సరే, ఇదంతా పక్కన పెట్టండి. నాకు అసలు మండేది వేరే. పాత సర్పంచ్‌ల గడువు 2024 జనవరి ఆఖరుకు అయిపోయింది. గడువు ముగిసేలోపే ఎన్నిక పెట్టాలని రాజ్యాంగంలోనే రాసుంది. పెట్టింది ఎప్పుడు? 2025 డిసెంబర్‌లో! దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం గ్రాంట్లు ఆపింది. మురుగు కాలువ సంగతి అడిగితే "సర్పంచ్ రానీయండి" అన్నారు. అప్పుడు ఈ గ్రూపులో ఒక్కడన్నా నోరు విప్పాడా?

అదే ఎమ్మెల్యే సీటైతే చూడండి. మునుగోడులో 2022 ఆగస్టులో రాజీనామా, నవంబర్ 3న పోలింగ్. మూడు నెలలు కూడా పట్టలేదు. మంత్రులు ఊళ్లు పంచుకుని మరీ మకాం వేశారు. మా ఊరికి ఆ రెండేళ్లలో ఒక్క మంత్రి దారి తప్పి కూడా రాలేదు.