కుర్చీ అనే అడ్డంకి

పనిచేసేవాళ్ల దారిలో అడ్డంకులన్నీ తొలగించాలని దేశం కంకణం కట్టుకున్న ఈ రోజుల్లో, అన్నిటికన్నా పెద్ద అడ్డంకిని మన చీరల కొట్లు ఎవరూ అడక్కముందే తీసి అవతల పారేశాయి. దాని పేరు కుర్చీ. ఈ సేవకి వాళ్లకి రావలసినంత పేరు రాలేదన్నదే నా బాధ.

మొన్న శ్రావణమాసం ముందు మా ఆవిడతో ఓ మూడంతస్తుల కొట్టుకి వెళ్లాను. మాకు మెత్తటి సోఫా, చల్లటి బాదంపాలు. ఎదురుగా పాతికేళ్లు నిండని అమ్మాయి. "ఇది చూడండి మేడమ్, మీ రంగుకి బావుంటుంది" అంటూ ఉప్పాడ మీద వెంకటగిరి, దాని మీద గద్వాల పరుస్తూనే ఉంది. మధ్యమధ్య బరువంతా ఒక కాలి మీద వేసి, కాసేపాగి రెండో కాలి మీదకి మార్చేది, చెరువులో కొంగలా. ఉద్యోగుల ఆరోగ్యం కోసం యాజమాన్యం నేర్పిన యోగా కాబోలని ముచ్చటపడ్డాను.

ఆడపిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడాలని మనం సభలు పెట్టి మరీ చెబుతుంటాం. చప్పట్లు కొట్టి ఇళ్లకి పోతాం. ఆ మాటని అక్షరాలా ఆచరణలో పెట్టింది వస్త్ర వ్యాపారులే. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా నిలబడే ఉంటారు. నిలబెట్టి చేసేది కాబట్టి దీన్ని నిలువుదోపిడీ అనే వదరుబోతులూ ఉన్నారు. తిరుమలలో అది జీవితానికి ఒకసారి చెల్లిస్తే సరిపోతుందని వాళ్ల వాదన.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లో, నిలబడి పనిచేసేవాళ్లకి వీలు చిక్కినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. దేవుడి దయవల్ల చీరల కొట్టు ఫ్యాక్టరీ కాదు. చీర నేసేవాడు మగ్గం గుంటలో కూర్చుంటాడు, కొనే ఆవిడ సోఫాలో కూర్చుంటుంది, మధ్యలో అమ్మే పిల్ల నిలబడుతుంది. ఎవరి స్థానం వారిది.

ఈ చక్కటి వ్యవస్థని పాడుచేసింది కేరళ. కోళిక్కోడ్ మిఠాయి తెరువులో విజి అనే దర్జీ, 'పెణ్‌కూట్టు' పేరుతో కొట్లలో పనిచేసే ఆడవాళ్లని కూడగట్టింది. ముందు మరుగుదొడ్డి అడిగారు. రోజంతా వెళ్లే చోటు లేక మంచినీళ్లు తాగడమే మానుకున్న ఆడవాళ్లు మరి. (నీటి పొదుపుకి ఇంతకన్నా మంచి పథకం ఉందా?) అది అడిగినవాళ్లు ఊరుకుంటారా, తర్వాత స్టూలు అడిగారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు ఆ తోవే పట్టింది. అక్కడ చీరల వ్యాపారం కుప్పకూలిందన్న వార్త కోసం రోజూ పేపరు తిరగేస్తున్నాను. ఇంకా రాలేదు.

మనవాళ్లు అలాంటి తొందరపాటు మనుషులు కారు. వ్యాపారం సులభం కావాలని 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకి పది గంటల పనికి తలుపులు తెరిచాయి. కూర్చుని బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. నిలబడి ఆలోచిస్తే మరోలా తోచేదేమో, చెప్పలేం.

ఇక కేంద్రం వారి వృత్తి భద్రత కోడ్. నిలబడి పనిచేయక తప్పనివాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని అందులోనూ ఉంది. పార్లమెంటు 2020లో ఆమోదించిన ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అయిదేళ్లపాటు కదలకుండా కూర్చున్నది ఆ కోడ్ ఒక్కటే.

అయినా కుర్చీ మంచి వస్తువు కాదు. ఎక్కినవాళ్లు దిగరని అయిదేళ్లకోసారి చూస్తూనే ఉన్నాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. సేల్స్ గర్ల్ జీతం కొండంత కాకపోవచ్చు, కరగకుండా కాపాడే బాధ్యత యజమానిది కాదూ?

మా ఆవిడకి ఇవేవీ పట్టవు. "కాసేపు ఇలా కూర్చోమ్మా" అని సోఫాలో జరిగి చోటిచ్చింది. ఆ అమ్మాయి తలెత్తి మూలనున్న కెమెరా వంక చూసింది. చిన్నగా నవ్వి ఇంకో చీర విప్పింది.

అది నలభై మూడోది. మేం మొదట చూసిందే తీసుకున్నాం.